ముక్కా, సైనసా? చార్టులో స్పష్టంగా రాయండి

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఈఎన్‌టీ చార్టులు కోడ్ చేస్తుంటాను, అంటే డాక్టర్ రాసిన జబ్బుకీ చికిత్సకీ బిల్లింగ్ కోసం ప్రామాణిక కోడ్లు వేస్తుంటాను. ఈ వారం వచ్చిన ఒక నోట్‌లో "ముక్కులో వస్తువు, తీసేశాం" అని ఒకే ఒక్క వాక్యం ఉంది, అంతే. పిల్లలు పూసో శనగగింజో ముక్కులో దూర్చుకుంటే అది నాసికా రంధ్రం, ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల జాబితాలో టి17.1. కానీ పై పన్నుకి ఇంప్లాంట్ వేస్తుంటే అది జారి దవడ పైనున్న మాక్సిలరీ సైనస్ అనే గాలి గదిలోకి వెళ్ళిపోతే అది టి17.0. ఒక్క అంకె తేడానే అయినా జరిగిన పని పూర్తిగా వేరు. ముక్కులోది క్లినిక్‌లోనే తీసేస్తే సీపీటీ (చేసిన చికిత్సకి వేసే కోడ్) 30300, జనరల్ అనస్థీషియా ఇచ్చి తీస్తే 30310, సైనస్‌లోకి ఎండోస్కోప్‌తో వెళ్ళారంటే ఆ కోడ్లే వేరు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఏడో అక్షరం దగ్గర. టి17.0 తర్వాత రెండు ఎక్స్‌లు పెట్టి అప్పుడు ఎ, డి (తర్వాత కోలుకునే దశ), ఎస్ (తర్వాత మిగిలిన ప్రభావాలు)లలో ఒకటి వేయాలి. ఎ అంటే మొదటి విజిట్ అని చాలామంది అనుకుంటారు, కాదండీ, చికిత్స చురుగ్గా నడుస్తున్నంత కాలం ఎ యే.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: ఏ వైపు, ఏ సైనస్, ఏం వస్తువు, ఎలా తీశారు, ఇవి రాయండి. బటన్ బ్యాటరీ అయితే తప్పకుండా రాయండి, అది గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చేస్తుంది, దానికి శరీర రంధ్రాల్లోకి వెళ్ళిన వస్తువుల కోడ్ల గుంపు డబ్ల్యూ44లో విడిగా కోడ్ కూడా ఉంది. రాయకపోతే మేం ఊహించి వేయలేం, క్వెరీ పంపి మీ జవాబు కోసం ఆగాల్సిందే.