చెనక్కాయ వేరు బుడిపెను కోసి చూడండి

తిరుపతి, చిత్తూరు పక్క చెనక్కాయ చేను ఎలా ఉందో ఆకు చూసి చెప్పేస్తారు. వేరు మీది బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది, కాబట్టి వేరును కూడా చూడాలి. విత్తిన 35-40 రోజులకు చూడండి, కానీ చెట్టును పీకొద్దు. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి కడగాలి. బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ, ఎరుపు కనబడాలి. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైము పాడవకుండా అది ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతుంది. తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతది, లేదా పనిచేయనిది. ఆకుపచ్చకు తిరిగితే దాని పని అయిపోయినట్టే. ఎన్ని బుడిపెలన్న లెక్క కంటే నేను ఈ రంగునే నమ్ముతాను.

చెనక్కాయలో ఒక విశేషముంది. బుడిపెల్లో ఉండే ఆ బాక్టీరియా, బ్రాడీరైజోబియం, ఇక్కడ వేరు నూగులోంచి లోపలికి పోదు. పక్కవేరు పొడుచుకొచ్చే చోట ఏర్పడే పగులులోంచి దూరుతుంది. అందుకే బుడిపెలు పక్కవేళ్ల మొదళ్లలో కూర్చుంటాయి. ఎంత అందమైన ఏర్పాటో!

ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చరు, అంటే ఈ బాక్టీరియా ఉన్న పొడి, చాలు. చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి పట్టించి, నీడన ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. ఎండన ఆరబోస్తే బాక్టీరియా చస్తుంది. తెగులు మందు ముందు పట్టించి, అది ఆరాకే కల్చరు. యూరియా ఎక్కువైతే చెట్టు బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది.