మా ఆవిడతో హైదరాబాదులో మూడు రోజులు

ఇరవై రెండేళ్ళుగా వంటే నా బతుకుతెరువు. విశాఖపట్నంలో ఒక హోటల్ కిచెన్ నా చేతి కింద నడుస్తుంది. పండగొస్తే అందరికీ సెలవు, మాకు రద్దీ. అందుకే మా ఆవిడా నేనూ కలిసి ఊరు కదిలి పదకొండేళ్ళయింది. ఈసారి దసరా రద్దీ తగ్గింది, కార్తీకం ఇంకా రాలేదు. మధ్యలో మూడు రోజులు దొరికాయి. హైదరాబాదులో వదిన, అంటే మా ఆవిడ అక్క, ఉంటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

రైలు అనకాపల్లి దాటాక మా ఆవిడ ఒక్క మాటే అడిగింది. "ఏవండీ, అక్కడ ఏం తిన్నా తప్పులు వెతకకండి."

ఆమె ఊరికే అనలేదు. కిచెన్‌లో నా పని రుచి చూసి దిద్దడం. ఉప్పు తగ్గింది, పులుపు ఎక్కింది, ఇంకో రెండు నిమిషాలు ఉంచు. రోజుకు వంద సార్లు చెప్తాను. ఆ నాలుకను ఇంటికి వచ్చేటప్పుడు హోటల్లో వదిలి రాలేకపోయాను. నేను మొదటి ముద్ద తింటుంటే మా ఆవిడ నా ముఖం వైపే చూసేది. ఆరేళ్ళ క్రితం, చుట్టాల ముందు, ఆమె చేసిన మజ్జిగ పులుసు నోట్లో పెట్టుకుని "పోపు మాడింది" అన్నాను. నిజంగానే మాడింది. కానీ ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లో మజ్జిగ పులుసు చేయలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పొద్దున్నే నాంపల్లిలో దిగాం. సామాను వదిన వాళ్ళింట్లో పెట్టి నేరుగా చార్మినార్‌కి వెళ్ళాం. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్ల నీడలో ఇరానీ చాయ్ తాగకపోతే నాకు హైదరాబాదు వచ్చినట్టే ఉండదు. మా ఆవిడ "ఇది మన టీలా లేదేంటి?" అంది. మనం అన్నీ కలిపి మరిగిస్తాం. ఇక్కడ డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నటి సెగ మీద ఉంచుతారు. పాలను వేరుగా, చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్టులో తీపితో పాటు కొంచెం ఉప్పు కూడా ఉంటుంది, ఆ ఉప్పు వల్లే చాయ్ ఇంకా తియ్యగా తెలుస్తుంది. ఇదంతా చెప్పాను. ఇది తప్పులు వెతకడం కాదు కాబట్టి ఆమె శ్రద్ధగా వింది. ఇంకో బిస్కెట్టు తెప్పించుకుంది.

మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే, మదీనా సెంటర్ వైపు ఒక పాత హోటల్లో బిర్యానీ తిన్నాం. నా ఉద్యోగంలో మొదటి రెండేళ్ళు ఈ ఊళ్ళోనే గడిచాయి. కచ్చీ బిర్యానీ నేర్పిన ఉస్తాద్ గుర్తొచ్చాడు. పక్కీ బిర్యానీలో మాంసం ముందే ఉడుకుతుంది, రుచి చూసి సరిచేసుకోవచ్చు. కచ్చీలో ఆ అవకాశం లేదు. పెరుగు, వేయించిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పుదీనా, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెట్టిన పచ్చి మాంసం అడుగున వేస్తారు. పైన సగం ఉడికిన బియ్యం పరుస్తారు. అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి మూత పెడతారు. కింద సెగ, మూత మీద నిప్పులు. మాంసమూ అన్నమూ ఒకేసారి ఉడకాలి. మధ్యలో మూత తీశావంటే ఆవిరి పోతుంది, దమ్ పోతుంది. మా ఉస్తాద్ హండీకి చెవి దగ్గరపెట్టి లోపలి చప్పుడు వినేవాడు. నేను చెంచాతో రుచి చూడ్డానికి తొందరపడితే చేతి మీద మెల్లగా కొట్టి పక్కకు జరిపేవాడు. పిండి అంటించాక నీ నాలుకతో పని లేదు, చేయాల్సిందంతా అంతకుముందే చేసి ఉండాలి అనేవాడు. అప్పట్లో అది వంట గురించే చెప్పాడనుకున్నాను.

ఆ రోజు ముక్క కాస్త గట్టిగా వచ్చింది. మా ఆవిడ నా ముఖం వైపు చూసింది. నేను మిర్చీ కా సాలన్ గిన్నె ఆమె వైపు జరిపి తింటూ ఉన్నాను. హలీం ఊసెత్తలేదు, దాన్ని రంజాన్ నెలలో తింటేనే నాకు తృప్తి.

సాయంత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి కట్టడంలో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాం. సరిగ్గా సీతాఫలాల రోజులు. దాని గురించి చెప్పడానికేమీ లేదు, ఇద్దరం రెండేసి కప్పులు తిన్నాం.

మర్నాడు బేగంబజార్లో పోట్లీ మసాలా కొన్నాను. పాయా, నిహారీ లాంటి మాంసం పులుసులు ఉడికేటప్పుడు గుడ్డలో మూటకట్టి వేసే దినుసులు అవి. వట్టివేరు, తమలపాకు వేరు, రాతిపువ్వు, ఎండిన గులాబీ రేకులు. మా ఆవిడ ఆ పొట్లం వాసన చూసి "పూజ గదిలా ఉంది" అంది. ఇన్నేళ్ళుగా వాడుతున్నాను, నాకు ఆ పోలిక తట్టనే లేదు.

ఆఖరి రోజు వదిన వాళ్ళింట్లో భోజనం. అన్నయ్యది వరంగల్. వదిన వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్న పచ్చి పులుసు చేసింది. చింతపండు రసం, కాల్చిన పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి, పచ్చి ఉల్లిపాయలు. పొయ్యి మీద మరిగించేది లేదు. పక్కన ముద్దపప్పు. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహారానికి పేరున్న సృజనాత్మక నగరాల్లో చేర్చినప్పుడు అందరం బిర్యానీ, హలీం పేర్లే చెప్పుకున్నాం. నన్నడిగితే ఈ పచ్చి పులుసు కూడా ఆ పేరుకు హక్కుదారే.

ఉప్పు కాస్త తగ్గింది. ఎందుకు తగ్గిందో కూడా నాకు తెలుసు. కలిపినప్పుడు సరిపోయే ఉంటుంది. ఉల్లిపాయ నీరు వదిలేకొద్దీ పలచబడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వదిన గరిటె పట్టుకుని "మరిదిగారూ, ఇంకొంచెం?" అంది. వేయమన్నాను. ఆ తర్వాత మళ్ళీ వేయించుకున్నాను. ఆ రెండో సారికి ఉప్పు సంగతి నిజంగానే మర్చిపోయాను.

రాత్రి తిరుగు రైల్లో బెర్తులు సర్దుకున్నాక మా ఆవిడ అడిగింది. "పచ్చి పులుసులో ఉప్పు తగ్గింది కదా?"

"తగ్గింది."

"మరి రెండుసార్లు వేయించుకున్నారు?"

"బాగుంది. అందుకే."

ఆమె కాసేపు కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చుంది. కాజీపేటలో రైలు ఆగి కదిలింది. దుప్పటి మడత విప్పుతూ, నా వైపు చూడకుండా, "అక్క వాళ్ళ ఫ్రిజ్‌లో మంచి పుల్లటి పెరుగుందండీ. మజ్జిగ పులుసుకి సరిగ్గా సరిపోయేది" అంది.

"మనింట్లో కూడా తోడుపెట్టొచ్చు, రెండు రోజుల్లో పులుస్తుంది" అన్నాను.

"చూద్దాం" అని లైటు తీసేసింది.