హార్మోన్ మాత్ర మానేయాలని ఎందుకనిపిస్తుందో నాకు తెలుసు

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయాక నాకు మిగిలిన వైద్యం రోజుకో లెట్రోజోల్ మాత్ర. కనీసం 5 ఏళ్లు వేసుకోవాలన్నారు. నాకు నెలసరి ఆగిపోయింది, కణితి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం. ఈ మాత్ర ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవకుండా అడ్డుకుంటుంది. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటికి అది అందదు.

కీమోనే తట్టుకున్నాను, ఇదెంత అనుకున్నాను. కొన్ని వారాలకే పొద్దున లేచేసరికి పిడికిలి బిగిసేది కాదు, సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. మంచం దిగి కాసేపు నడిచేదాకా మోకాళ్లు, మడమలు పట్టేసి ఉండేవి. రాత్రిళ్లు ఉన్నట్టుండి వేడి ఆవిర్లు, చెమటలు, ఇక నిద్ర ఉండేది కాదు. ఇవన్నీ ఎవరికైనా చెప్పుకోవచ్చు. యోని పొడిబారి, భర్త దగ్గరికొస్తేనే భయమేసే పరిస్థితి ఎవరికి చెప్పుకుంటాం?

మాత్రలు మానేసినవాళ్లని మొండివాళ్లనీ, మతిమరుపనీ ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. నాతోపాటు కీమో తీసుకున్న ఒకమ్మాయి, "క్యాన్సర్ ఉన్నప్పుడు నాకే నొప్పీ లేదక్కా, నొప్పులన్నీ ఈ మాత్రతోనే" అంది. ఆమె మాటలో తప్పేముంది? బీపీ మాత్ర వేసుకుంటే మిషన్‌లో అంకె తగ్గుతుంది. దీని ఫలితం కంటికి కనిపించదు, బాధ మాత్రం రోజూ కనిపిస్తుంది. కొందరికి మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా జబ్బు గుర్తుకొస్తుంది. కొందరికి డబ్బు ఇబ్బంది, కొందరికి డిప్రెషన్. చిన్న వయసు వాళ్లకైతే పిల్లల్ని కనాలన్న ఆశ. పైగా కీమో రోజుల్లో అస్తమానం కనిపించిన డాక్టర్లు ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి కనిపిస్తారు.

నాకూ మానేద్దామనే అనిపించింది. ఆ మాటే ఆంకాలజిస్ట్‌తో (క్యాన్సర్ డాక్టర్‌తో) చెప్పాను. ఆవిడ మందలించలేదు. "వారంలో ఎన్ని మాత్రలు మిగిలిపోతున్నాయమ్మా?" అని మామూలుగా అడిగారు. వేసుకుంటున్నారా అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. ఇలా అడిగితే నిజం చెప్పడం తేలిక. ఆ చెకప్‌లో మొత్తం చెప్పేశాను, పడకగది సంగతితో సహా.

తర్వాత ఆవిడే కొన్ని వారాలు లెట్రోజోల్ ఆపించారు. నొప్పులు తగ్గడంతో కారణం అదేనని తేలింది. విటమిన్ డి పరీక్ష, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించి, ఎక్సెమెస్టేన్‌కు మార్చారు. ఒకే కోవకు చెందిన మందులైనా, ఒకటి పడనివాళ్లలో చాలామందికి ఇంకొకటి పడుతుందట. ఇది 25 మిల్లీగ్రాముల మాత్ర, తిన్నాక వేసుకోవాలి. ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, పొడిబారడానికి హార్మోన్ లేని మాయిశ్చరైజర్ రాశారు. (టామాక్సిఫెన్ అనే ఇంకో రకం హార్మోన్ మాత్ర వాడేవాళ్లు పారోక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. అవి దాని పనికి అడ్డొస్తాయి.)

వ్యాయామం సంగతి మొదట నమ్మలేదు. నొప్పులున్న మనిషిని నడవమంటారేమిటి అనుకున్నాను. కానీ అమెరికాలో జరిగిన హోప్ అనే ట్రయల్‌లో, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, రెండుసార్లు బరువులతో కసరత్తు చేసిన ఆడవాళ్లకు ఈ మందుల వల్ల వచ్చే కీళ్ల నొప్పులు బాగా తగ్గాయి. నాకూ మెల్లగా తేడా తెలిసింది.

ఇంత కష్టపడి ఎందుకు కొనసాగించాలని అడిగితే డాక్టర్ సూటిగా చెప్పారు. ఈ రకం క్యాన్సర్‌లో 5 ఏళ్లు టామాక్సిఫెన్ వాడినా చాలు, 15 ఏళ్లలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. నేను వాడే కోవ మందులు నెలసరి ఆగినవాళ్లకు అంతకంటే కాస్త మెరుగు. ఈ క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు. ఈ లెక్క మొదటి రోజే ఎవరైనా ఇంత వివరంగా చెప్పి ఉంటే బాగుండేది.

వేళ్ల బిగుతు ఇప్పటికీ కొంచెం ఉంది, నిద్ర మాత్రం పడుతోంది. డెక్సా మళ్లీ చేయించాలి. ఎముకలు పలచబడితే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తామన్నారు. దాని గురించి అడగాల్సినవి కాగితం మీద రాసి పెట్టుకున్నాను.