డీమన్‌ను ఆపకుండా సెట్టింగులు మార్చడం: ఈ వారం పని

ఇంట్లోని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో గది ఉష్ణోగ్రతను నమోదు చేయడానికి సి భాషలో నేను రాసుకుంటున్న డీమన్ (తెర వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రాము), తాను ఆగకుండానే కాన్ఫిగరేషన్ ఫైలును మళ్లీ చదువుకోవడం ఈ వారం నేర్చుకుంది. ఇంతకాలం నమోదు వ్యవధిని 60 సెకన్ల నుంచి 30కి తగ్గించాలన్నా రీస్టార్ట్ చేయవలసి వచ్చేది, అప్పుడు మెమరీలో ఉండి ఇంకా డిస్కుకు ఎక్కని రీడింగులన్నీ పోయేవి.

యూనిక్స్‌లో ఈ పనికి సిగ్‌హప్ అనే సిగ్నల్‌ను (నడుస్తున్న ప్రాసెస్‌కు పంపే సంకేతాన్ని) వాడటం పాత ఆనవాయితీ. టెర్మినల్ లైను తెగిపోయిందని చెప్పడానికి పుట్టిన ఈ సిగ్నల్‌తో టెర్మినలే లేని డీమన్‌కు అవసరం ఉండదు కనుక, దానికి ఈ కొత్త పని అప్పగించారు. సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్ అనే ఫంక్షన్ లేకపోతే మాత్రం సిగ్‌హప్ ప్రాసెస్‌ను ముగించేస్తుంది; అందుకే ప్రాసెస్ సంఖ్యను తెలిపే పీఐడీ ఫైలు రాయకముందే సిగ్‌యాక్షన్ అనే కాల్‌తో హ్యాండ్లర్‌ను అమర్చాను.

మొదట ఫైలు చదివే పనంతా హ్యాండ్లర్‌లోనే పెట్టాను. అది తప్పు. ప్రధాన ప్రోగ్రాము మెమరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్ మధ్యలో ఉండగా సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ కూడా మాలాక్‌ను పిలిస్తే దాని లోపలి లాక్ దగ్గర అంతా స్తంభించిపోవచ్చు. నాకు రెండుసార్లు అలాగే జరిగింది. ఇప్పుడు హ్యాండ్లర్ ఒక ఫ్లాగ్‌ను 1 చేసి వెనుదిరుగుతుంది, మిగతాది ప్రధాన లూప్ చూసుకుంటుంది. అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది: లూప్ ఫ్లాగ్‌ను చూశాక, వేచి ఉండే కాల్ అయిన పోల్‌లోకి వెళ్లేలోపు సిగ్నల్ వస్తే తదుపరి రీడింగు దాకా మార్పు అమలు కాదు. సిగ్‌హప్‌ను మామూలుగా బ్లాక్ చేసి ఉంచి, పోల్‌కు బదులు వాడిన పీపోల్ వేచి ఉన్నంతసేపే అనుమతించడంతో అది తీరింది.

కొత్త విలువలను వేరే స్ట్రక్చర్‌లోకి చదివి, అన్నీ సరిగ్గా ఉంటేనే పాయింటర్‌ను దాని మీదికి మారుస్తున్నాను. తప్పుంటే డీమన్ దాన్ని లాగ్‌లో లైను సంఖ్యతో సహా రాసి, పాత విలువలతోనే కొనసాగుతుంది. ఇంతా చేశాక కూడా ఫైలు దొరకలేదన్న దోషం వచ్చింది. మొదలయ్యేటప్పుడు డీమన్ రూట్ డైరెక్టరీకి మారిపోతుంది, నేనేమో సాపేక్ష పాత్ (ప్రస్తుత డైరెక్టరీ నుంచి లెక్కించేది) ఇచ్చాను. మారడానికి ముందే రియల్‌పాత్ ఫంక్షన్‌తో పూర్తి పాత్ తీసి దాచుకోవాలి.

లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చే యూనిట్ ఫైలులో, రీలోడ్‌కు ఏం చేయాలో చెప్పే ఎగ్జెక్‌రీలోడ్ కింద సిగ్నల్ పంపే కిల్ ఆదేశం ఒక్కటే పెడితే, సిగ్నల్ పంపగానే రీలోడ్ విజయవంతమైనట్టు చూపుతుంది, ఫైలులో తప్పున్నా సరే. డెబియన్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీకి (రిమోట్ లాగిన్ డీమన్‌కు) చేసినట్టే, ముందు ఫైలును తనిఖీ చేసే -టి ఆదేశాన్ని, తర్వాత కిల్‌ను పెట్టాను. తనిఖీ విఫలమైతే సిగ్నల్ అసలు వెళ్లదు. సిస్టమ్‌డీ 253లో వచ్చిన నోటిఫై-రీలోడ్ పద్ధతిలో, చదవడం పూర్తయిందని డీమనే స్వయంగా తెలియజేస్తుంది; వచ్చే వారం దానికి మారతాను.