పదకొండో వారం: నెమలికి మెడ కుదిరింది

నాకు 66. పొద్దున పూట కుడిచేతి బొటనవేలు బిగుసుకుపోతుంది. ఆమధ్య సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు వెనక్కి ఇచ్చేశారు. ఆ ఉక్రోషంతోనే, గుడ్డ మీద కలంతో బొమ్మలేసే శ్రీకాళహస్తి కలంకారీ పట్టుకున్నాను. పెడన కలంకారీలో చెక్క అచ్చులు ఉంటాయి, ఇందులో గీతంతా చేత్తోనే.

1వ వారం: మీటరు గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ. గంజి పోయేదాకా నానబెట్టి, ఉడకబెట్టి, ఉతికాను. అర లీటరు పాలలో 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, గుడ్డ ముంచి, పిండి ఎండలో వేశాను. పచ్చి గేదెపాలే వాడాలట. నేను తెలివికి పోయి వెన్న తీసిన ప్యాకెట్ పాలు పోశాను. తర్వాత దాని మీద గీత గీస్తే దూదిలోకి సిరా ఇంకినట్టు పాకింది. రంగు పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే. మళ్లీ గేదెపాలు తెస్తే, "ఇంట్లో కాఫీకి లేవు గానీ గుడ్డకి కావాలా" అంది మా ఆవిడ.

అదే వారం నల్లరంగు కూడా నానబెట్టాను. మట్టికుండలో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు. మూడు వారాలు పులియాలి, రోజూ కర్రతో కలపాలి. వాసన మాత్రం భరించలేం, కుండ మేడ మీదే ఉంచండి. రిటైరయ్యాక ఇవాళ బుధవారమా గురువారమా అని మా ఆవిడని అడిగేవాణ్ణి. ఇప్పుడు నాకు కుండ లెక్కే: తొమ్మిదో రోజు, పదో రోజు.

4వ వారం: కలం నేనే చేశాను. వెదురు పుల్ల చెక్కి, మొన పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారం బిగించాను. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేలితో కాస్త నొక్కితే మొనలోకి దిగుతుంది. బాల్‌పెన్ను కన్నా లావు, మెత్తన. నా వేలికి సుఖంగా ఉంది. గట్టిగా పట్టుకున్నానా, టప్పున నల్లబొట్టు రాలుతుంది. అలా రెండు వారాలు బొట్లే. కుండలోని నీళ్లు అంత నల్లగా ఉండవు. గుడ్డలోని కరక్కాయ వగరు తగిలాకే నలుపు తేలుతుంది.

6వ వారం: నేల మీద కూర్చుంటే నడుం పట్టేసింది. డైనింగ్ టేబుల్‌కి మారాను. దీపం ఎడమవైపు, ఫోన్లో 20 నిమిషాల అలారం. మోగగానే లేచి నాలుగడుగులు వేయాలి.

8వ వారం: చింతపుల్ల బొగ్గుతో నెమలి గీసి, పైన కలం నడిపాను. మణికట్టుతో గీస్తే వణుకు కనిపిస్తోంది. భుజం నుంచి చెయ్యంతా కదిపితే తగ్గింది. ఉతికేటప్పుడు ఇంకో తప్పు: బకెట్లో ముంచాను, గుడ్డంతా బూడిదరంగు పట్టింది. కాళహస్తిలో స్వర్ణముఖి పారే నీళ్లలో ఎందుకు ఉతికేవారో అప్పుడర్థమైంది. ఇప్పుడు కుళాయి కిందే.

పక్కింటి పెద్దావిడ కరక్కాయ పొడి వాసన చూసి, "అన్నయ్యగారూ, దగ్గొస్తే మా అమ్మ ఇదే బుగ్గన పెట్టేది" అంటూ కూర్చుంది. రోజూ నాలుగింటికి వచ్చి ఆకులు గీస్తోంది. నాకన్నా గీత బాగుంది, ఒప్పుకోవాలి.

11వ వారం: నెమలి మెడ ఒకే గీతలో వచ్చింది. వేలు మాత్రం పొద్దున ఇంకా బిగుస్తూనే ఉంది. వేడినీళ్లలో పది నిమిషాలు పెట్టాకే కలం.

ఇక ఎరుపు. రంగు గుడ్డకి పట్టుకోవడానికి పటిక తెచ్చాను. దానికీ మళ్లీ పాలు పట్టించాలి. ఎల్లుండికి అర లీటరు ఎక్కువ పోయమని పాలవాడికి చెప్పాను, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.