రాజుగారి జింకను కొడితే ఉరేనా?

ఇంగ్లండ్‌లో రాజుగారి జింకను కొడితే ఉరికంబమే అని చాలామంది నమ్మకం. 1217 నాటి చట్టం ప్రకారమైతే ఇది చెల్లదు. ఆ ఏడాది నవంబర్ 6న రాజు మూడో హెన్రీ పేరిట వెలువడిన అటవీ చార్టర్ (అడవుల నియమాలు చెప్పే రాజపత్రం) పదో నిబంధన ప్రకారం, వేట జంతువు కోసం ఎవరి ప్రాణమూ తీయకూడదు, కాలూ చెయ్యీ నరకకూడదు. గట్టి జరిమానా వేస్తారు. కట్టలేకపోతే ఏడాదీ ఒక రోజూ జైలు. ఆ తర్వాత పూచీ ఇచ్చేవాళ్ళు దొరక్కపోతే దేశం వదిలిపోవాల్సిందే.

దొంగను పట్టుకోవడమే అసలు తలనొప్పి. అడవి కాపలాదారు దొంగను చేజిక్కించుకోవడానికి నాలుగు ఆనవాళ్ళు ఉండేవి: చేతికి నెత్తురు, వీపున జంతువు, విల్లు పట్టుకుని మాటు వేసి ఉండటం, దెబ్బతిన్న జింక వాసన మీద కుక్కను నడిపించడం. ఇవేవీ లేకుండా కళేబరం మాత్రమే దొరికితే, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళను పిలిచి విచారణ జరిపేవారు. రాకపోతే ఆ ఊరి మొత్తానికీ జరిమానా. మాంసం చాలాసార్లు కుష్ఠురోగులకో పేదలకో పోయేది. దొరికిన బాణం సాక్ష్యంగా భద్రపరిచేవారు. పేర్లన్నీ కోర్టు రికార్డుల చుట్టల్లోకి ఎక్కేవి. ఊరూరా తిరిగి తీర్పులిచ్చే సంచార న్యాయమూర్తులు వచ్చేసరికి ఏళ్ళు గడిచి, నిందితుల్లో కొందరు చచ్చిపోయి ఉండేవారు కూడా.

అందుకే దొంగ కంటే ముందు కుక్క మీద పడ్డారనిపిస్తుంది. అడవి హద్దుల్లో ఉండే పెద్ద కాపలా కుక్క ముందు పాదాన్ని ఎనిమిది అంగుళాల మందం, అడుగు చదరం ఉన్న చెక్క మీద పెట్టి, రెండంగుళాల ఉలితో, కొయ్య సుత్తి ఒక్క దెబ్బకు మూడు గోళ్ళు ఎగరగొట్టేవారు. అరికాలి మెత్త జోలికి మాత్రం పోకూడదు. కుక్క ఇంటిని కాపాడగలదు గానీ జింకను తరిమి పట్టలేదు. మూడేళ్ళకోసారి తనిఖీ, గోళ్ళు తీయని కుక్క కనబడితే యజమానికి మూడు షిల్లింగుల జరిమానా.

పెద్దవాళ్ళ సంగతి వేరు. రాజు పిలుపు మీద వెళ్తూ అడవి దాటే బిషప్పో ప్రభువో కాపలాదారు కళ్ళెదుట ఒకటో రెండో జంతువులను కొట్టుకోవచ్చు. అతను లేకపోతే కొమ్ము ఊదించాలి, దొంగతనంలా కనబడకుండా!

కాపలాదారులేమీ సత్యసంధులు కారు. ఊళ్ళవాళ్ళ దగ్గర పనలు, ఓట్స్, గొర్రెపిల్లలు, పందిపిల్లలు గుంజుకోవద్దని అదే చార్టర్ ఏడో నిబంధనలో విడిగా రాయాల్సి వచ్చింది.