కనబడని అక్షరం, పోయిన మార్కు

మంగళవారం రాత్రి, హనుమకొండ

పొద్దున స్టాఫ్ రూములో బ్యాగు పెట్టానో లేదో, మొదటి ఏడాది బీఏ అమ్మాయి ఒకతి గుమ్మం దగ్గర నిలబడింది. పరకాల అవతల నుంచి వస్తుంది. చేతిలో ఫోను. "మేడం, నేను రాసింది కరెక్టే కదా, తప్పెట్ల చూపిస్తుంది?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, బెదురు ఉంది. తనకే ఏదో రాలేదేమోనన్న బెదురు.

నిన్న సాయంత్రం గూగుల్ ఫారంలో పది ప్రశ్నల క్విజ్ పంపాను. అర్థశాస్త్రంలో డిమాండ్ వ్యాకోచత్వం పాఠం. తొమ్మిది ప్రశ్నలకు ఆప్షన్లు ఇచ్చి, ఒక్కదానికి మాత్రం జవాబు టైపు చేయమన్నాను. ధర మారినప్పుడు డిమాండు ఎంత మారుతుందో కొలిచే భావనను ఏమంటారు? ఆమె "డిమాండు వ్యాకోచత్వం" అని రాసింది. నేను జవాబుగా పెట్టుకున్నది "డిమాండ్ వ్యాకోచత్వం". ఒక్క కొమ్ము తేడా. తెలుగు పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి, నేనే బోర్డు మీద ఒకరోజు అట్లా, ఒకరోజు ఇట్లా రాస్తాను. యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఎర్రగా తప్పు అని చూపించింది.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మిగతావాళ్ల జవాబులు కూడా తెరిచాను. పదకొండు మందికి ఇట్లాగే మార్కు పోయింది. కొందరు "వ్యాకోచత" అన్నారు, కొందరు ఇంగ్లీషు పదాన్నే తెలుగు లిపిలో రాశారు. ఒక అబ్బాయి జవాబు మాత్రం అచ్చం నా జవాబులాగే ఉంది, అయినా తప్పే. ఎంత చూసినా తేడా కనిపించలేదు. చివరికి అక్షరం అక్షరం చెరుపుతూ పోతే దొరికింది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కంప్యూటర్లో ఒక కనబడని అక్షరం ఉంటుంది. "డిమాండ్‌లో" అని విడిగా కనిపించాలంటే అది కావాలి, లేకపోతే "డిమాండ్లో" అయిపోతుంది. కొన్ని కీబోర్డులు పొల్లు రాగానే దాన్ని వాటంతట అవే చేర్చేస్తాయి. కంటికి రెండు మాటలూ ఒకటే, యంత్రానికి రెండూ వేర్వేరు.

తప్పు నాదే. మిగతా జవాబులన్నీ తప్పుగా గుర్తించు అనే గడిలో టిక్కు పెట్టి వదిలేశాను. ఆ టిక్కు తీసేస్తే మనమే చూసి మార్కు వేయొచ్చు. ఫలితం కూడా వెంటనే వెళ్లకుండా, మనం చూశాకే పంపేలా పెట్టుకోవచ్చు. ఈ రెండూ నాకు తెలుసు. నిన్న తొందరలో చేయలేదు. పదకొండు మంది పిల్లలు రాత్రంతా తమకు రాదనుకున్నారు. అది నన్ను రోజంతా వదల్లేదు.

ఒక్కొక్క జవాబునూ సరిచేస్తుంటే ఆ అమ్మాయి చూస్తూ కూర్చుంది. మార్కు మారగానే ముఖం విప్పారింది. "ఎప్పుడు రాశావమ్మా?" అని అడిగాను. చేనులో పత్తి ఏరి వచ్చి, తమ్ముడు ఫోను ఇచ్చాక, రాత్రి పది దాటాక రాసిందట. ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. సిగ్నల్ కోసం డాబా ఎక్కిందట. క్విజ్‌కు నేను పెట్టిన గడువు రాత్రి పది. లింకు మూసేయడం మరిచిపోయాను కాబట్టి ఆమె జవాబులు చేరాయి. మూసి ఉంటే ఆమె పేరు పక్కన ఏమీ ఉండేది కాదు, ఆమె చదవలేదని నేను అనుకునేదాన్ని.

క్లాసుకు వెళ్లేముందు సారాంశం పేజీ చూశాను. నాకు మార్కుల జాబితా కంటే ఇదే ముఖ్యం. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలను అది పైకి తెచ్చి చూపిస్తుంది. ఆరో ప్రశ్న దగ్గర క్లాసంతా ఆగిపోయింది. మిర్చికి అవ్యాకోచ డిమాండు ఉంటే, ధర తగ్గినప్పుడు రైతుల మొత్తం రాబడి ఏమవుతుంది? నలభై తొమ్మిది మందిలో ముప్పై ఒక్కరు "మారదు" అన్నారు. ఒకరిద్దరు తప్పితే వాళ్లు చదవలేదనుకోవచ్చు. ఇంతమంది ఒకే తప్పు ఆప్షన్ మీద వేలు పెట్టారంటే నేను చెప్పిన తీరులోనే ఏదో ఉంది. అవ్యాకోచం అంటే అసలు కదలనిదని, కదలకపోతే రాబడీ కదలదని అనుకున్నారు. నిజానికి ధర మారినంతగా డిమాండు మారదనే దాని అర్థం.

ఈ సంగతి పేపర్లు దిద్దితే ఎప్పటికి తెలిసేది? ఇంటర్నల్ అయిపోయి, కట్టలు ఇంటికి తెచ్చుకుని, ఆదివారం కూర్చుంటే. అప్పటికి పాఠం మూడు యూనిట్లు ముందుకు పోయి ఉంటుంది. తెల్లారేసరికి తెలిసింది కాబట్టే ఇవ్వాళ అనుకున్న పాఠం పక్కన పెట్టి మళ్లీ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఉదాహరణ దగ్గరికి వెళ్లాను. మిర్చి అగ్గువైందని ఎవరమైనా కూరలో రెట్టింపు కారం వేస్తామా? లేదన్నారు. కిలో వంద రూపాయలున్నప్పుడు వంద కిలోలు అమ్ముడుపోతే పదివేలు. ధర ఎనభైకి పడితే నూట ఐదు కిలోలు పోయాయనుకుందాం, ఎంత? వెనక బెంచీ నుంచి "ఎనిమిదివేల నాలుగొందలు" అని వినిపించింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పంట బాగా పండిన ఏడాది ఇంట్లో అప్పు ఎందుకు పెరిగిందో కొందరికి ఆ నిమిషంలో తోచి ఉంటుంది. ఈ సంగతి కొత్తది కాదని కూడా చెప్పాను. 17వ శతాబ్దపు ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ అనే గణాంకవేత్త పేరున వచ్చిన లెక్క ప్రకారం, గోధుమ దిగుబడి పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుంది. అంటే పంట తగ్గినా మొత్తం రాబడి పెరుగుతుంది.

మధ్యాహ్నం ఒక సహోద్యోగి, ఈ క్విజ్ మార్కులనే ఇంటర్నల్‌కు కలిపేయమని సలహా ఇచ్చారు. దిద్దే పని తప్పుతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. డాబా ఎక్కితేగానీ సిగ్నల్ అందని పిల్లకూ, ఇంట్లో వైఫై ఉన్న పిల్లకూ ఒకే గడువు పెట్టి ఆ మార్కును మెమోలోకి ఎక్కించడం నాకు న్యాయంగా అనిపించదు. పైగా ఇంటి దగ్గర ఎవరు చూసి రాశారో, ఎవరు చూడకుండా రాశారో నాకు తెలిసే దారి లేదు. మార్కు పోతుందన్న టెన్షన్ పెడితే అందరూ జవాబులు పంచుకుంటారు, అప్పుడు ఆరో ప్రశ్న దగ్గర ఆగిన సంగతీ నాకు కనిపించదు.

అట్లాగని క్విజ్ మానను. చదివిందే మళ్లీ చదవడం కంటే, గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. నా పిల్లల్లోనూ అది కనిపిస్తోంది. వచ్చే వారం నుంచి గడువు మూడు రోజులు, ఎన్నిసార్లయినా రాయొచ్చు, మార్కులు మెమోలోకి పోవు. టైపు చేసే ప్రశ్నలను మాత్రం నేనే కూర్చుని చూస్తాను. ఫోను లేనివాళ్లకు ల్యాబులో గురువారం మధ్యాహ్నం ఒక గంట అడిగి పెట్టుకున్నాను.

ఇది రాస్తుండగా తొమ్మిదీ నలభైకి మెసేజ్ వచ్చింది. పొద్దుటి అమ్మాయే. "మేడం, మరి పత్తి ఎక్కువ పండితే కూడా గంతేనా?" అని అడిగింది. ఇవ్వాళ కూడా పత్తి ఏరి వచ్చిన చేతులతో టైపు చేసి ఉంటుంది. పత్తికి లెక్క వేరు. మన మార్కెట్లో ఎంత పండిందన్నది ఒక్కటే దాని ధరను తేల్చదు, మిల్లులూ బయటి దేశాల ధరలూ మద్దతు ధరా అన్నీ వచ్చి కూర్చుంటాయి. సగం టైపు చేసి చెరిపేశాను. "రేపు క్లాసులో అందరి ముందు అడుగమ్మా, అక్కడి నుంచే మొదలుపెడదాం" అని పంపాను. రెండు నీలి టిక్కులు ఇంకా పడలేదు. ఫోను మళ్లీ తమ్ముడి దగ్గరికి పోయినట్టుంది.